సబ్బుపెట్టెలో గొంతు

"తీస్తున్నా!" అని ముందుగదిలోంచి మామయ్య కేక వినిపించింది.

కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పళ్ళ మధ్య క్లిప్పు ఉంది. అది తీసి "ఉండండి మామయ్యా!" అనేలోపే వంటింట్లో ఫ్రిజ్ గురక ఆగిపోయింది.

తడి దుప్పటిని బకెట్లో పడేసి లోపలికి పరుగెత్తింది. టీవీ కింద అరలో నీలం సబ్బుపెట్టె ఉంది. దానికి ఓ పక్క కోసిన చిన్న కన్నంలోంచి ఎప్పుడూ రెండు దీపాలు కనిపించేవి. కరెంటు ఉందని చెప్పే ఎర్రది ఒకటి, లోపల పని జరుగుతోందని చెప్పే పచ్చది ఒకటి. ఇప్పుడు రెండూ లేవు. పది నిమిషాల కిందట ఆ పచ్చదీపం టకటకా కొట్టుకుంటుంటే చూసి, ఎలాగూ అయిపోవచ్చిందిలే అనుకుని బట్టల బకెట్ ఎత్తుకుంది.

"మామయ్యా, ఫ్యూజు ఒక్కసారి పెట్టండి."

మామయ్య పడగ్గదిలో మంచం పక్కన స్టూలు మీద నిలబడి ఉన్నాడు. స్విచ్‌బోర్డు మూత ఊడదీసి ఉంది, వైర్లు బయటికి వేలాడుతున్నాయి. నోట్లో రెండు స్క్రూలు. వాటి సందులోంచే మాట్లాడాడు.

"చెయ్యి వైర్లలో ఉందమ్మాయ్. పని అయితే గానీ ఇవ్వను."

"రెండు నిమిషాలు చాలు."

"రెండు క్షణాలు చాలు మనిషి పోవడానికి."

ఇక మాట్లాడి లాభం లేదని ఆమెకు తెలుసు. ముప్ఫై రెండేళ్ళు లైన్‌మన్‌గా చేసిన మనిషి. స్తంభం ఎక్కేముందు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని, జేబుకు గుండీ పెట్టుకుని ఎక్కేవాడు. కింద ఎవరో పొరపాటున కరెంటు ఇస్తారన్న భయం ఉండదు, ఫ్యూజు తన దగ్గరే ఉంటుంది గనక. ఒకసారి అలాగే జేబులో వేసుకుని ఇంటికొచ్చేసి, ఒక వీధి వీధంతా చీకట్లో కూర్చుంటే, చొక్కా ఉతకబోయిన అత్తయ్య చేతికి ఆ ఫ్యూజు తగిలిందట. రిటైరై ఆరేళ్ళయినా అలవాటు పోలేదు. బల్బు మార్చాలన్నా ఇంటి ఫ్యూజు జేబులోకి వెళ్ళాల్సిందే.

"ఏం బిగిస్తున్నారు మామయ్యా?"

"బెల్లు. మీ అత్తయ్య మంచం పక్కన మీట. పిలవాలంటే గొంతు లేదు కదా ఇక. నొక్కితే నేనెక్కడున్నా వినబడుతుంది." స్క్రూ ఒకటి చేతిలోకి తీసుకుని ఆమె ముఖంలోకి చూశాడు. "ఏంటి, అలా పాలిపోయావు? సబ్బుపెట్టే కదా. సినిమా ఎక్కడికీ పారిపోదులే."

ఆమె ఏదో చెప్పబోయి మింగేసింది. చెప్పనని అత్తయ్యకు మాటిచ్చింది.

*

నిజానికది సబ్బుపెట్టే. దాని లోపల మాత్రం అగ్గిపెట్టెకు రెండింతలుండే బోర్డు, ఒక చిన్న కంప్యూటర్. టీవీలూ ఫోన్లూ బాగుచేసే దుకాణంలో పనిచేసే కోడలు, దాన్ని టీవీకి తగిలించి, మెమరీ కార్డులో సినిమాలూ పాటలూ నింపి, రిమోటుతో ఆడేలా చేసింది. దానికో డబ్బా కొనాలంటే, "ఇంత ముక్కకు అంత డబ్బానా?" అని అత్తయ్యే ప్రయాణపు సబ్బుపెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. అప్పట్నుంచి ఇంట్లో దాని పేరు అదే.

ఆ తర్వాత అత్తయ్య గొంతులో గడ్డ బయటపడింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ఆ మాట విని వచ్చిన రోజు అత్తయ్య ఏడవలేదు. సోఫాలో కూర్చుని రిమోటు తిప్పుతూ, "ఏమే, ఇందులో పాటలు పెట్టినట్టు నా మాటలు పెట్టగలవా?" అంది.

"మాటలా?"

"నేను బటను నొక్కితే టీవీ నా గొంతుతో అరవాలి. మీ మామయ్య పేపర్లో తల దూర్చి కూర్చుంటాడే, అప్పుడు 'ఏమండీ' అనాలి. పలక మీద రాసి ఆయన ముక్కు దగ్గర ఊపుతూ తిరగమంటావా?"

అలా మొదలైంది. రోజుకు మూడు నాలుగు చొప్పున, మామయ్య బయటికి వెళ్ళిన వేళ చూసి, ఫోనులో రికార్డు చేశారు. "ఏమండీ" మూడు రకాలు: మామూలుగా పిలిచేది, రెండోసారి పిలిచేది, ఇక ఊరుకునేది లేదని పిలిచేది. "గేటు వేశారా?" "నా కళ్ళజోడు చూశారా?" "వద్దంటే వద్దు." "ఆ టీవీ కట్టేయండి, నిద్రొస్తోంది." టీవీయే టీవీని కట్టేయమనడం ఏంటని కోడలు అంటే, అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వునూ కోడలు రికార్డు చేసేసింది. అలా నలభై అయ్యాయి. నలభై ఒకటోది ఆపరేషను రోజు పొద్దున ఆసుపత్రిలో. "ఇది మీ మామయ్యకు. నువ్వు వినకు, అవతలికి పో," అని ఫోను లాక్కుని అత్తయ్య ఒక్కతే మాట్లాడింది.

"ఇంటికి రాగానే వినిపిస్తా. అందాకా ఆయనకు తెలియకూడదు. మొదటి 'ఏమండీ'కి మనిషి ఉలిక్కిపడాలి," అంది. ఆమె గట్టిగా అన్న మాటల్లో దాదాపు అదే చివరిది.

ఫోను పాతది, ఎప్పుడూ నిండిపోయి ఉంటుంది. అందుకని కోడలు వేటినీ కాపీ చేయలేదు, తరలించింది. ఇక్కడికి రాగానే అక్కడ చెరిగిపోతుంది. దుకాణానికి వచ్చే ప్రతి మనిషికీ "రెండుచోట్ల దాచుకోండి" అని ఉచితంగా చెప్పే మనిషే, తన ఇంటికొచ్చేసరికి ఒక్కచోట దాచింది. ఈ పొద్దున నలభై ఒకటోది పంపింది. పంపడం పూర్తయిందనుకుని ఫోను తన దగ్గరున్నది చెరిపేసుకుంది. ఇక్కడ కార్డు ఇంకా రాసుకుంటూనే ఉంది. సరిగ్గా అప్పుడు మామయ్య "తీస్తున్నా" అన్నాడు.

*

పన్నెండు కావస్తుండగా మామయ్య స్టూలు దిగి, జేబు గుండీ తీసి ఫ్యూజు పెట్టాడు. ఫ్రిజ్ మళ్ళీ గురక అందుకుంది. సబ్బుపెట్టెలో ఎర్రదీపం వెలిగింది.

పచ్చది వెలగలేదు.

కోడలు ప్లగ్గు తీసి, పదంకెలు లెక్కబెట్టి, మళ్ళీ పెట్టింది. ఎర్రదీపం ఒక్కటే. టీవీ తెర నల్లగా ఉంది, అందులో తన ముఖమే కనబడుతోంది. వెనక పడగ్గదిలో మామయ్య బెల్లు నొక్కి చూసుకుంటున్నాడు. ట్రింగ్. ఆగి మళ్ళీ ట్రింగ్. "బ్రహ్మాండం," అనుకున్నాడు తనలో తనే.

ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి భర్త.

"డాక్టరు సంతకం పెట్టాడు. కాగితాలు చేతికొచ్చేసరికి మూడవుతుంది. నాలుగింటికి ఇంట్లో ఉంటాం. ఇదిగో, అమ్మ పలక మీద ఏదో రాసింది. 'పెట్టె సిద్ధమేనా' అట. ఏ పెట్టె?"

"చేస్తున్నానని చెప్పండి."

"చేస్తోందట అమ్మా." అవతల చిన్నగా చప్పట్లు వినిపించాయి. అత్తయ్య ఇప్పుడు సంతోషాన్ని అలా చెబుతోంది.

కోడలు కార్డును సబ్బుపెట్టెలోంచి లాగింది. గోరంత నల్లముక్క. కాగితంలో మడిచి, పిడికిట్లో పెట్టుకుని, చెప్పులు వేసుకుని బయటపడింది.

*

దుకాణం యజమానికి భూతద్దం అని పేరు. బోర్డులు చూసే కంటి అద్దం ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. భోజనానికి వెళ్ళినా తీయడు. సెలవు పెట్టిన మనిషి ఆయాసపడుతూ రావడం చూసి, "ఇంట్లో తోచలేదా చెల్లెమ్మా?" అన్నాడు.

ఆమె మాట్లాడకుండా కార్డును కంప్యూటరుకు పెట్టింది. తెర మీద చిన్న గడి వచ్చింది. ఈ కార్డు వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? అవును. కాదు.

అవును అంటే తుడిచిపెట్టేయమని. అత్తయ్య గొంతు మొత్తం ఒక వేలు నొక్కుడు దూరంలో ఉంది. కోడలు రెండుసార్లు చూసుకుని "కాదు" నొక్కింది.

సంగతి విన్నాక భూతద్దం అద్దం కంటి మీదికి దించుకుని, మళ్ళీ నుదుటి మీదికి నెట్టుకున్నాడు. కార్డుకు అద్దంతో పని లేదు, అది అతని ఆలోచించే పద్ధతి.

"రిపేరు కొట్టెయ్. పది నిమిషాలు. నూటికి తొంభై అన్నీ వచ్చేస్తాయి. మనం రోజూ చేసేదేగా."

"రోజూ చేసేది కార్డు మీదే రాస్తుంది అన్నా. తప్పు రాస్తే ఉన్నదీ పోతుంది."

"అయితే ముందు మొత్తం కార్డును ఉన్నదున్నట్టు కాపీ తీసుకుని, ఆ కాపీ మీద రిపేరు చెయ్యి. దానికెంతవుతుందో తెలుసుగా? మన మిషను ముసలిది. నాలుగ్గంటలు. నీ దగ్గర మూడే ఉన్నాయి."

గడియారం పన్నెండు నలభై చూపిస్తోంది. కాపీ తీస్తే నాలుగింటికి అత్తయ్య వచ్చేసరికి టీవీ నోరు తెరవదు. రిపేరు కొడితే ఒంటిగంటకల్లా తేలిపోతుంది. పోయిన నెల ఇలాగే తొందరపడుతున్న ఒకాయన కార్డు మీద ఆమే రిపేరు కొట్టింది. ఖాళీగా వచ్చింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఖాళీ కార్డును జేబులో వేసుకుని, చిల్లర సరిగ్గా ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆమె కాపీ మొదలుపెట్టింది. వెంటనే అనుమానం వచ్చింది, చేసింది తప్పేమోనని. నూటికి ఎంత అయిందో చూపే అంకె కదలడం లేదు. సున్నా. సున్నా. ఒకటి.

ముప్ఫై రెండు దగ్గర ఉండగా గుమ్మంలో నీడ పడింది. మామయ్య.

"ఫోను వదిలేసి పరిగెత్తావేంటమ్మాయ్? వాడు నాలుగుసార్లు చేశాడు. మూడింటికి బయల్దేరతారట." ఫోను బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు. "ఇప్పుడు చెప్పు. ఆ పెట్టెలో ఏముంది? సినిమాల కోసం మనిషి భోజనం మానుకుని పరిగెత్తదు."

కోడలు తల వంచుకుని మొత్తం చెప్పేసింది. మూడు రకాల "ఏమండీ"ల దగ్గర్నుంచి, తాను వినని నలభై ఒకటోదాని దాకా.

మామయ్య చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు.

"నేను అరిచానే, తీస్తున్నా అని."

"విన్నాను మామయ్యా. ఉండమని చెప్పేలోపే..."

"ఊఁ." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ముప్ఫై రెండేళ్ళు అరిచాను. జవాబు కోసం ఒక్కరోజూ ఆగలేదు."

భూతద్దం కల్పించుకున్నాడు. "పెద్దాయనా, మీరైనా చెప్పండి. పది నిమిషాల పనికి పొద్దంతా కూర్చుంది. నూటికి తొంభై వచ్చేస్తుందంటే వినదు."

"మిగతా పదీ?"

"పోతే పోతుంది."

"నూటికి తొంభై అని స్తంభం ఎవడూ ఎక్కడు నాయనా." మామయ్య లేచాడు. "ఎంతసేపు పడితే అంతసేపు పట్టనీ. నువ్విక్కణ్ణుంచి కదలకు. ఆవిడొచ్చేసరికి ఇంట్లో ఒకరుండాలి, నేను వెళ్తా."

"ఏం చెబుతారు మామయ్యా?"

"నేనే పీకానని చెబుతా. ఇంకేం చెబుతాను?"

వీధిలో ఆయన నడక చూస్తే, ఎండలో ఏదో బరువు మోస్తున్నట్టుంది.

అరవై ఒకటి దగ్గర అంకె ఆగిపోయింది. పది నిమిషాలు, ఇరవై. కార్డులో దెబ్బతిన్న చోటు అది. మిషను అక్కడే తచ్చాడుతోంది. మూడూ పది. మూడున్నర. "పోయింది," అన్నాడు భూతద్దం మెల్లగా. అంకె అరవై రెండు అయింది.

నాలుగింటికి వీధిలో కారు హారను వినబడితే తమ కారేననుకుంది. కాదు. నాలుగుంబావుకు భూతద్దం వంగి, "ఈ టెస్టరుకు ప్లగ్గు ఖాళీ లేదు, ఒక్కసారి..." అంటూ గోడవైపు చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు!"

ఆ గొంతు తనదేనని ఆమెకే నమ్మకం కలగలేదు. దుకాణంలో చేరి నాలుగేళ్ళయినా ఎవరిమీదా అరిచిన మనిషి కాదు. కుర్చీ గోడదాకా జరిపి, ప్లగ్గు స్విచ్చు మీద అరచెయ్యి కప్పి కూర్చుంది. తెర నూరు చూపించేదాకా చెయ్యి తీయలేదు.

అప్పటికి ఐదవుతోంది. కాపీ మీద రిపేరు నడిపింది. పేర్లన్నీ పోయి, వట్టి అంకెలతో మాటల ఫైళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. పది. ఇరవై ఆరు. ముప్ఫై తొమ్మిది. అక్కడ కొంచెం ఆగాయి. నలభై. నలభై ఒకటి.

చివరిది నాలుగైదు నిమిషాలైనా ఉండాల్సింది. చూస్తే నిమిషం కూడా లేదు.

అత్తయ్య వినొద్దంది గనక దాన్ని వినలేదు. ఒక కాపీని దుకాణంలో ఉంచి, ఇంకొకటి కొత్త కార్డులోకి ఎక్కించింది.

*

ముందుగదిలో అత్తయ్య సోఫాలో కూర్చుని ఉంది. మెడకు కట్టు, ఒళ్ళో పలక. దాని పక్కనే కొత్త బెల్లు మీట. పొడుగు వైరుతో మామయ్య దాన్ని ఇక్కడిదాకా లాక్కొచ్చినట్టున్నాడు. ఆయన ఎదురు కుర్చీలో, తప్పుచేసి నిలబడ్డ పిల్లాడి ముఖంతో కూర్చున్నాడు. భర్త గుమ్మంలోనే ఎదురొచ్చి గుసగుసలాడాడు.

"నాన్న చెప్పేశాడు. గంట నుంచి అమ్మ ఆయన వైపు చూడలేదు. బెల్లూ నొక్కలేదు."

అత్తయ్య కోడల్ని చూసింది. పలక ఎత్తలేదు, కళ్ళతోనే అడిగింది. కోడలు మోకాళ్ళ మీద కూర్చుని, కార్డు పెట్టి, సబ్బుపెట్టె మూత నొక్కింది. ఎర్రదీపం. పచ్చదీపం ఒకసారి తళుక్కుమని ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. ఇక ఆగకుండా కొట్టుకోసాగింది.

తెర మీద వరసగా అంకెలు వచ్చాయి. అత్తయ్య రిమోటు అందుకుని మొదటిది నొక్కింది.

"ఏమండీ!"

తెలిసి కూడా మామయ్య ఉలిక్కిపడ్డాడు. లేచి నిలబడిపోయాడు. అత్తయ్య భుజాలు కదిలాయి.

"చివరిదాని సంగతి నాకు తెలియదు అత్తయ్యా," అంది కోడలు. "అది రాస్తుండగానే కరెంటు పోయింది. ఎంత మిగిలిందో..."

అత్తయ్య కిందికి, ఇంకా కిందికి నొక్కుకుంటూ వెళ్ళింది. భర్తా కోడలూ వంటింట్లోకి వెళ్ళబోతే చేత్తో ఆపింది. ఉండమంది.

"ఏమండీ, నేనే. ఇంకాసేపట్లో లోపలికి తీసుకెళ్తారు. ఎదురుగా చెబితే మీరు గోడకేసి చూస్తారు, అందుకని ఇందులో చెబుతున్నా. మీరు డ్యూటీ నుంచి రాగానే ఉతకడానికి చొక్కా ఇచ్చేవారు కదా, నేను ముందు జేబు తడిమేదాన్ని. ఒకసారి ఫ్యూజు దొరికింది, ఊరంతా చీకటి చేసి వచ్చావా మనిషీ అని ఎన్ని తిట్లు తిట్టానో. అసలు సంగతేంటంటే, అది నా చేతికి తగిలినప్పుడు నాకు..."

అంతే. మిగిలింది అంతే. తెర మళ్ళీ అంకెల దగ్గరికి వచ్చింది.

మామయ్య గోడకేసి చూస్తున్నాడు. "నేనే పీకాను," అన్నాడు మళ్ళీ. "నేనే..."

అత్తయ్య రిమోటుతో గబగబా వెతకసాగింది. పేర్లు లేవు, ఎక్కడ ఏముందో ఆమెకూ తెలియదు. నొక్కింది.

"గేటు వేశారా?"

"వేశాను," అన్నాడు మామయ్య చటుక్కున.

ఆమె విసుగ్గా తలాడించి ఇంకోటి నొక్కింది. "వద్దంటే వద్దు." ఇంకోటి. "ఆ టీవీ కట్టేయండి, నిద్రొస్తోంది." కొడుకు ముసిముసిగా నవ్వడం మొదలుపెట్టాడు. మరోటి నొక్కింది.

నవ్వు. పొట్ట పట్టుకుని, ఊపిరందక, మధ్యలో దగ్గుతూ నవ్విన నవ్వు. గది నిండిపోయింది. అత్తయ్య వెతుకుతున్నది అదే. నోరు తెరిచి, శబ్దం లేకుండా, ఆ నవ్వుతోపాటే తనూ ఊగిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కట్టు మీదికి కారాయి.

తర్వాత పలక తీసుకుని చాలాసేపు రాసింది. మామయ్యను దగ్గరికి రమ్మని, ఆయనకొక్కడికే చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు, మళ్ళీ మొదట్నుంచి చదివాడు. అత్తయ్య అరచేత్తో తుడిచేసింది. ఏం రాసిందో కోడలికి కనబడలేదు, అడగనూ లేదు.

కాసేపటికి మామయ్య పడగ్గదిలోకి వెళ్ళాడు. పొద్దున తొందరలో స్విచ్‌బోర్డు మూతకు రెండు స్క్రూలు పెట్టలేదు. ముందుగదిలో మీటర్ పెట్టె దగ్గరికి వచ్చి నిలబడి, "తీయనా?" అన్నాడు.

ఎవరూ పలకలేదు. ఆయన అక్కడే నిలబడ్డాడు.

"అమ్మాయ్, తీయనా?"

"ఒక్క నిమిషం మామయ్యా." కోడలు రిమోటుతో సబ్బుపెట్టెను పద్ధతిగా ఆపింది. పచ్చదీపం నాలుగుసార్లు కొట్టుకుని నిద్రపోయింది. "ఇప్పుడు తీయండి."

ఆయన ఫ్యూజు పీకాడు. జేబు గుండీ దాకా వెళ్ళిన చెయ్యి ఆగింది. వచ్చి దాన్ని కోడలి అరచేతిలో పెట్టాడు.

"నా చెయ్యి వైర్లలో ఉంటుంది," అన్నాడు. "నేను చెప్పేదాకా ఎవరికీ ఇవ్వకు."

పింగాణీ ముక్క ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆమె గుప్పిట మూసింది.